వెంట్రుకవాసి

మా ఇంట్లో ముసలాయనకు కరెంటు పెడుతున్నారట. పక్కింటి టీచరమ్మ పాల దుకాణంలో చెప్పిందట. మధ్యాహ్నం రెండు కొట్టేసరికి తలుపులూ కిటికీలూ బిగించేస్తారట, లోపల్నుంచి ముందు గుయ్యిమని ఏదో మోత మొదలవుతుందట, ఆ వెనకే ముసలాయన మూలుగు వినిపిస్తుందట, ఆఖర్న ఎవరో డబ్బాలు బాదుతారట. "కోడలు మాత్రం ఏమీ ఎరగనట్టు వెనక గదిలో బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ ఉంటుంది, మహాతల్లి" అని ముక్తాయించిందట కూడా. పాల దుకాణం ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా ఆ మాట మా అత్తయ్య చెవిన పడింది.

అత్తయ్య ఇంటికొచ్చి చేతిసంచీ బల్ల మీద పడేసి, "కరెంటు పెట్టినా ఈయన బాగుపడడని ఆవిడకి తెలీదు, పాపం" అంది.

అందరం నవ్వాం. మామయ్య మరీ నవ్వారు. ఆ వేసవిలో ఇంటిల్లిపాదీ కలిసి నవ్వింది ఆ ఒక్కరోజే అనుకుంటాను.

జరుగుతున్నదేమిటంటే, మావారు ఒక రికార్డు చేస్తున్నారు. జాజ్ సంగీతమే గానీ పాతకాలపు జాజ్ కాదు. సగం మామయ్య ఊదే శాక్సఫోన్, సగం కరెంటుతో పలికే వాద్యాలు. మావారిది రేడియోలూ టీవీలూ బాగుచేసే పని. ఎవరో వదిలించుకున్న సింథసైజర్లు రెండు తెచ్చి, రెండేళ్ళపాటు వాటి పొట్టలు కోసి, కుట్టి, మళ్ళీ పలికించారు. చిన్నది సూట్‌కేసంత ఉంటుంది. పెద్దదాన్ని ముందు గదిలోకి తేవడానికి తలుపు రెక్క ఊడదీయాల్సి వచ్చింది. దాని నిండా మీటలూ బొత్తాలూ, వాటి మధ్య పేగుల్లా వేలాడే రంగురంగుల వైర్లు. అత్తయ్య దానికి దున్న అని పేరు పెట్టింది. ఆ పేరే నిలిచిపోయింది. "దున్న వేడెక్కిందా?" అని ఒకరంటే, "దున్న మీద కాఫీ గ్లాసు ఎవరు పెట్టారు?" అని ఇంకొకరు. దాని గొంతూ అలాంటిదే. ఎక్కడో కడుపులో మొదలై, నేల గుండా పాకి, నిలబడ్డవాళ్ళ మోకాళ్ళలో తేలేది.

డ్రమ్స్ వాయించేది మావారి స్నేహితుడు, సిటీబస్సు డ్రైవరు. అందరూ బ్రేకులు అనే పిలుస్తారు. పొద్దుటి డ్యూటీ దిగి, చెమటకు తడిసిన యూనిఫారంతోనే ఒంటిగంటకు వచ్చేవాడు. అందుకే రికార్డింగు ఎప్పుడూ మధ్యాహ్నమే. ముగ్గురూ ఒకే గదిలో, ఒకేసారి వాయించాలి, ఒకేసారి టేపు మీదికెక్కాలి అని మావారి పట్టు. ముక్కలు ముక్కలుగా తీసి అతికించడమంటే ఆయనకు ఒళ్ళుమంట. "అది సంగీతం కాదు, బొంత" అనేవారు. మాటల్లేని పాటలు ఆరు. వేసవి దాటేలోగా టేపు చేతికిస్తే రికార్డు వేస్తానని రికార్డుల కంపెనీ ఆయన మాటిచ్చాడు.

ఆ ఆరింటిలో నాలుగు మామయ్య ఊపిరి మీదే నడవాలి.

మామయ్య ముప్పై ఏళ్ళు ఒక పెద్ద హోటల్లో, భోజనాల హాల్లో వాయించి రిటైరయ్యారు. ఆ ముప్పై ఏళ్ళలో ఆయన పేరు అచ్చయింది ఒక్కసారే, అదీ జీతాల కాగితం మీద. రికార్డు సంగతి చెప్పినరోజు ఆయన మా అందరివంకా చూసి, "ముప్పై ఏళ్ళు జనం నములుతుంటే వాయించాను. ఒక్కసారి నోరు మూసుకుని వినేవాళ్ళ కోసం వాయిస్తాను. అది చాలు నాకు" అన్నారు. ఆయనకు అరవై ఎనిమిది. మెట్లెక్కితే ఆయాసం. ఇదే చివరిదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఇక మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. చప్పుడు మైకుల్లో పడుతుందని రెండు నుంచి అయిదు దాకా ఫ్యాన్లు బందు. కుక్కరు పెట్టకూడదు. కుళాయి విప్పకూడదు. ఫోను తీగ పీకేసేవారు. వేసవి మధ్యాహ్నం, ఫ్యాను లేని ఇంట్లో, మూసిన కిటికీల వెనక కుడుములు ఉడికినట్టు ఉడికేవాళ్ళం. అత్తయ్య వంటగది గడప మీద తడిగుడ్డ మెడకు చుట్టుకుని కూచుని, "తుమ్మాలన్నా చెయ్యెత్తి అడగాల్సొస్తోందే ఈ కొంపలో" అని సైగలతోనే చెప్పేది.

నేను వెనక గదిలో ఉండేదాన్ని. ఊళ్ళోని పెద్ద లాడ్జీకి దుప్పట్లూ దిండు గలీబులూ ఇస్త్రీ చేసిపెట్టడం నా పని. పొద్దున వ్యానులో ఉతికినవి వస్తాయి. ఆరబెట్టి, మధ్యాహ్నం కూచుంటే సాయంత్రం ఆరింటికి మడతలు సిద్ధంగా ఉండాలి. ఇస్త్రీకి చప్పుడుండదు కాబట్టి నా పనికి అభ్యంతరం రాలేదు. ఆ ఏడాది మావారి చేతికి రిపేరుకొచ్చిన టీవీలన్నీ మూలన దుమ్ము తింటున్నాయి గనక, ఇల్లు నడిచింది ఆ దుప్పట్ల మీదే.

రెండో వారంలో మొదలైంది గొడవ.

గోడ అవతల పాట సగంలో ఆగిపోయింది. "నాన్నా, పైకి పోతున్నావు" అన్నారు మావారు.

"నేనా?"

"శ్రుతి దాటి కొంచెం పైనుంటోంది. టేపు వేసి చూపించనా?"

టేపు వేశారు. నిజమే. దున్న ఒకచోట ఉంది, శాక్సఫోను దానికి పైన ఉంది. నాకే తెలిసిపోయింది, ఇక వాళ్ళకు తెలియదా.

టేపు ఆగాక మామయ్య గొంతు: "నీ దున్న కిందికి దిగుతోందేమో చూడరా."

"పొద్దున్నే సరిచూశా నాన్నా. వెంట్రుకవాసి తేడా లేదు. రోజూ పొద్దున చూస్తూనే ఉన్నా. అది యంత్రం. దానికి వయసు రాదు."

బ్రేకులు దగ్గాడు. వాడు దగ్గితే మాట మార్చమని అర్థం. మావారికి అది తట్టలేదు.

"సరే," అన్నారు మామయ్య. "మళ్ళీ ఎత్తుకో."

ఆ మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఒక్కోసారి పైన, ఒక్కోసారి కింద. దున్న స్వరం నిలకడగా ఉండేది కాదు. ఉయ్యాల ఊగినట్టు ఊగేలా మావారే దాన్ని మలిచారు, అదే దాని అందమని మురిసిపోయేవారు. ఆ ఊగులో ఏది ఆయన పెట్టింది, ఏది దానంతటది వచ్చింది, చెప్పడం కష్టం. శాక్సఫోను మాత్రం నగ్నంగా నిలబడి ఉండేది. తప్పు ఎవరిదంటే, కనిపించేవాడిదే.

మామయ్య రెండోసారి దున్న మాట ఎత్తలేదు. పొద్దున లేచి స్నానాలగదిలో తలుపేసుకుని సాధన మొదలుపెట్టారు. శాక్సఫోను మూతిని, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్కని, కాస్త బయటికి లాగితే స్వరం దిగుతుందట, పెదవి బిగువు వదిలితే ఇంకా దిగుతుందట. ముప్పై ఏళ్ళుగా ఆ మూతి ఆనిన చోట గొట్టం చివరి బిరడా మీద ఒక వలయం అరిగిపోయి ఉంది. ఆయన ఆ వలయం దాటి మూతిని బయటికి లాగడం నేను చూశాను. కొత్త చెప్పులేసుకున్నవాడిలా ముఖం పెట్టుకుని లాగారు.

నెల మధ్యలో ఒకరోజు గలీబులు ఇస్త్రీ చేస్తున్నాను. మా ఇస్త్రీ పెట్టె పాతది, బరువైనది. వేడి తగ్గితే దాని నెత్తిన ఎర్రదీపం వెలుగుతుంది, సరిపడా కాలితే ఆరిపోతుంది. అది వెలిగినప్పుడల్లా గదిలో బల్బు కాస్త డీలా పడుతుంది. పాత ఇల్లు, పాత వైర్లు, అది మాకు కొత్త కాదు. ఆ రోజు నేను కొత్తగా విన్నదేమిటంటే, బల్బు డీలా పడగానే గోడ అవతల దున్న కూడా డీలా పడింది. దాని స్వరం ఏ కొంచెమో కిందికి కూలబడింది. మామయ్య దాన్ని వెతుక్కుంటూ కిందికి దిగారు. ఈలోగా ఎర్రదీపం ఆరింది. దున్న లేచి యథాస్థానంలో నిలబడింది. మామయ్య ఒక్కరూ కింద మిగిలిపోయారు.

"మళ్ళీ తప్పింది నాన్నా" అన్నారు మావారు.

ప్లగ్గు పీకాను. మళ్ళీ ఎత్తుకున్నారు. దున్న గుంజకు కట్టేసినట్టు కదలకుండా ఉంది. ప్లగ్గు పెట్టాను. జారింది. పీకాను. నిలిచింది. నాకు సంగీతం రాదు గానీ చెవుడు లేదు. మావారు శ్రుతి సరిచూసేది పొద్దున. పొద్దున నా ఇస్త్రీ పెట్టె చల్లగా పడుకుని ఉంటుంది.

గుట్టలో ఇంకా నలభై గలీబులున్నాయి. ఆరింటికి వ్యాను వస్తుంది. ప్లగ్గు పెట్టి పని కానిచ్చాను.

ఆ రాత్రి చెబుదామనుకున్నాను. చెబితే ఏమవుతుంది? మధ్యాహ్నాలు ఇస్త్రీ ఆపమంటారు. ఆపితే లాడ్జీ వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. మావారు అన్నం ముందు కూచుని కూడా వైర్ల సంగతే మాట్లాడుతున్న మనిషి. ఆ అన్నం ఎక్కణ్ణుంచి వస్తోందో ఆయనకు తోచే దారి లేదు. పైగా నేను బాగా అలిసిపోయి ఉన్నాను. నిజం చెప్పడానికి కూడా కాస్త ఓపిక కావాలి. ఇంకో మాట కూడా ఉంది, దాచడమెందుకు: ముసలాయనకు ఎలాగూ ఊపిరి చాలడం లేదు, ఇవాళ కాకపోతే రేపైనా ఆయన తప్పుకోవాల్సిందే కదా అనుకున్నాను. మన తప్పును మనం మోయలేనప్పుడు పక్కవాడి భుజం చాలా విశాలంగా కనిపిస్తుంది.

తొమ్మిది రోజులు అలాగే గడిపాను.

అందులో అయిదో రోజో ఆరో రోజో, పొద్దున పెరట్లో దుప్పట్లు ఆరేస్తుంటే మామయ్య శాక్సఫోను పట్టుకుని వచ్చారు.

"అమ్మాయ్, ఒక్క నిమిషం. ఇది విను."

ఒక స్వరం ఊదారు. ఆపి, పెదవి కాస్త వదులుచేసి, మళ్ళీ ఊదారు.

"రెండింటిలో ఏది నిలకడగా ఉంది?"

మొదటిది. మొదటిది గోడకు కొట్టిన మేకులా ఉంది. రెండోది తడిబట్టలా వేలాడుతోంది.

"నాకేం తెలుస్తుంది మామయ్యా" అన్నాను.

"నీకు రోజూ వినపడుతూనే ఉంటుంది కదా అని."

"పనిలో పడితే నాకు ఏదీ వినపడదు."

ఆయన తలూపారు. "అబ్బాయికి రెండోదే కుదురుతోంది. ఇంకా ఒక నాలుగు రోజులు పట్టుదలగా కూచుంటే పెదవి దానికే అలవాటు పడుతుంది. ఈ వయసులో కూడా మనిషి మారగలడోయ్" అని నవ్వి లోపలికి వెళ్ళారు. నేను దుప్పటి కొసలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగకు కనీసం ఎక్కడ కుట్టిందో తెలుస్తుంది.

తొమ్మిదో రోజు బ్రేకులు రాకముందే మావారు తండ్రిని పిలిచి కూచోబెట్టారు. చిన్న సింథసైజరులో తండ్రి ఊదిన ఒక్క స్వరాన్ని దాచారట. ఇప్పుడు మీట నొక్కితే అదే శాక్సఫోను గొంతు, ఏ స్వరం కావాలంటే ఆ స్వరంలో, శ్రుతి తప్పకుండా పలుకుతుంది. నొక్కి వినిపించారు కూడా. మామయ్య గొంతే. మామయ్య లేని మామయ్య గొంతు.

"పేరు నీదే వేస్తాం నాన్నా. అట్ట మీద, నా పేరుకన్నా ముందు."

"ఊదింది నేను కాదు కదరా."

"నీ శబ్దమే కదా."

మామయ్య కాసేపు ఆ మీటల వంక చూశారు. ఒక మీట మీద వేలుపెట్టి, తన గొంతు తానే విని, వేలు తీసేశారు. "వారం రోజుల్లో టేపు పంపాలి కదూ" అన్నారు. "నా కోసం ఆగితే నీ పని చెడుతుంది. కానీయ్."

అత్తయ్య గడప దగ్గర్నుంచి, "ఏరా, రేపు ఈయన పోతే ఏడవడానికి కూడా ఒక మీట పెట్టావా?" అంది. ఎవరూ నవ్వలేదు. తను కూడా నవ్వించడానికి అన్నట్టు లేదు.

మామయ్య శాక్సఫోనును గుడ్డతో తుడిచి, పెట్టెలో పడుకోబెట్టి, రెండు గడియలూ వేసి నా దగ్గరికి తెచ్చారు. "అటక మీద పెట్టు అమ్మాయ్. కింద ఉంటే కాళ్ళకు తగులుతుంది."

స్టూలెక్కాను. పెట్టెను పైకి తోశాను. దిగాను. చేతులకు అంటిన దుమ్ము దులుపుకున్నాను. ముందు గదిలోకి వెళ్ళి మావారితో, "దున్న మీద ఒక స్వరం పట్టుకుని ఉంచండి" అన్నాను.

"ఎందుకు?"

"ఉంచండి చెబుతాను."

వెనక గదిలోకి వెళ్ళి ప్లగ్గు పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. గోడ అవతల దున్న మోకాళ్ళ మీద కూలబడింది. ప్లగ్గు పీకాను. లేచింది. పెట్టాను. కూలబడింది. నాలుగోసారి పెట్టబోతుంటే మావారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వెనకే, అప్పుడే వచ్చిన బ్రేకులు.

"ఓరి నాయనో" అన్నాడు బ్రేకులు.

మావారు నా చేతిలోని ప్లగ్గు వంక చూశారు. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులు నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"లాడ్జీ దుప్పట్లు పెట్టుకున్నాను. అవి లేకపోతే మీ నోట్లోకి ఏం పోయేదో చెప్పండి."

"మా నాన్నని నేను..." అని ఆగిపోయారు.

"ఆయన మొదటిరోజే చెప్పారు మీకు. దున్నని చూడమన్నారు."

అత్తయ్య తడిగుడ్డ మెడలోంచి తీసి పిండింది. "తర్వాత కొట్టుకు చావండి ఇద్దరూ. ముందు ఆ మనిషికి ఎవరు చెబుతారో తేల్చండి."

ఇద్దరం వెళ్ళాం. మామయ్య పెరటి మెట్టు మీద కూచుని కాలిగోళ్ళు తీసుకుంటున్నారు. మావారు నిలబడే చెప్పారు, తప్పు తనదే అన్నారు. నేను నా వంతు చెప్పాను. ఆయన తలెత్తకుండా చిటికెనవేలి గోరు దాకా పూర్తిచేశారు. కోపం రాలేదు. వచ్చుంటే మాకు బాగుండేది.

"అలాగా" అన్నారు. ఆ తర్వాత నా వైపు చూసి, "ఆ రోజు పెరట్లో మొదటి స్వరమే కదూ?" అన్నారు.

"మొదటిదే మామయ్యా."

"ఊఁ. అటక మీంచి దించు."

మర్నాడు పొద్దున రికార్డింగు పెట్టుకున్నాం. బ్రేకులు డ్యూటీకి సెలవు పెట్టాడు. నేను ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకడమే కాదు, తీగ చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. మావారు దున్నను మూడుసార్లు సరిచూశారు. అత్తయ్య కూడా ముందు గదిలోకి వచ్చి, గోడకు ఆనుకుని కింద కూచుంది. మామయ్య ఉతికిన చొక్కా వేసుకున్నారు. శాక్సఫోను మూతిని పాత వలయం దాకా లోపలికి నెట్టి, సరిగ్గా అక్కడ ఆనిందో లేదో వేలితో తడిమి చూసుకున్నారు.

దున్న మొదలైంది. గుంజకు కట్టేసినట్టు నిలకడగా ఉంది. బ్రేకులు మెల్లగా అందుకున్నాడు. మామయ్య ఊపిరి పీల్చి మొదటి స్వరం ఊదారు.

కిందుంది.

పెద్ద తేడా కాదు. వెంట్రుకవాసి. మూతి తన చోటికి వచ్చింది గానీ పెదవి రాలేదు. ఇన్ని రోజులూ ఆ ముసలి పెదవిని వదులుచేసి, వదులుచేసి, ఆయనే దానికి కొత్త దారి నేర్పారు. అది ఇప్పుడు ఆ దారినే పోతోంది. ఆయన బిగించబోయారు. మెడలో నరాలు లేచాయి. స్వరం ఒక క్షణం పైకి వచ్చి, ఊపిరి చాలక, మళ్ళీ జారింది. అయినా ఆపలేదు. పదకొండు నిమిషాల పాట ఆఖరి దాకా ఊదారు. బ్రేకులు కళ్ళు మూసుకుని వాయించాడు. మావారు మీటల మీంచి తల ఎత్తలేదు.

ఆ రోజు టేపు మీదికెక్కిందే ఇప్పుడు రికార్డులో ఉంది. మిగతా మూడూ ఆ వారంలోనే, అలాగే తీశారు. తర్వాత ఒక పత్రికలో ఎవరో రాశారు, ఆ శాక్సఫోను యంత్రాలకు లొంగకుండా కావాలనే శ్రుతికి ఒక వెంట్రుక కిందుగా నడుస్తుందని, మొత్తం రికార్డులో అసలైన ప్రయోగం అదేనని. మావారు ఆ కాగితం కత్తిరించి దాచారు. మామయ్యకు చూపించలేదు.

ఆ పొద్దున పాట అయిపోయాక దున్న మోత తగ్గి తగ్గి ఆగింది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. మామయ్య శాక్సఫోను ఒళ్ళో పెట్టుకుని, చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, కొడుకు వైపు చూశారు.

"బాగుంది నాన్నా" అన్నారు మావారు. "చాలా బాగుంది."

"బాగుంది పెద్దాయనా" అన్నాడు బ్రేకులు.

మామయ్య నా వైపు కూడా చూశారు. నేను తలూపాను.

"సరిగ్గా ఊదినన్నాళ్ళూ తప్పిందన్నావు," అన్నారాయన కొడుకుతో. "ఇవాళ నిజంగానే తప్పింది. ఇవాళ చెప్పవేంరా?"